స్టవ్వు ఆపి విన్న మాటలు

సంత రోజున సోఫియా ఇంట్లో కూర ఎప్పుడూ ఆలస్యంగానే అయ్యేది. పంపు స్టవ్వు హోరులో ముందుగది మాటలు వినబడవు. అందుకని వంకాయలు సగం మగ్గాయో లేదో ఆమె పీక తిప్పి గాలి వదిలేసేది. స్టవ్వు బుస్సుమని ఆరిపోయేది. వంటిల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగేది. అప్పుడు గోడ అవతలి నుంచి భర్త నవ్వు వచ్చి చెవిలో పడేది.

ఆ నవ్వంటేనే సోఫియాకు ఒళ్లు మండిపోయేది.

షాలేమ్‌రాజు నవ్వని మనిషని కాదు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు నక్కపల్లిలో బడిపంతులైన ఆమె తండ్రి ఏదో సరదాగా అంటే పెదవులు విప్పి మర్యాదగా నవ్వాడు. పెళ్లయ్యాక కూడా అలాగే మర్యాదగా నవ్వేవాడు. సంత రోజు నవ్వు వేరు. కుట్టుమిషను పెడల్ మీద కాలు ఆపేసి, పొట్ట పట్టుకుని, ఊపిరాడక, మెడలో వేలాడే టేపుతోనే కళ్లు తుడుచుకుంటూ నవ్వే నవ్వు. అది లోవమ్మ వచ్చినప్పుడే వచ్చేది. అదీ ఆ భాషలోనే వచ్చేది.

ఆ భాష పేరు కువి. చింతపల్లి అవతల కొండల్లో కొన్ని ఊళ్లవాళ్లు మాట్లాడుకునేది. షాలేమ్‌రాజు అక్కడే పుట్టాడు. అతని తండ్రి క్రైస్తవ మిషన్ తరఫున ఆ ఊళ్లో బడీ, ప్రార్థనా చూసుకునేవాడు. తల్లి పురిట్లోనే పోతే పక్కింటి కొండ ఇల్లాలు తన పాలిచ్చి పెంచింది. ఆవిడకి తర్వాత పుట్టిన కూతురు లోవమ్మ. పదేళ్లు వచ్చేదాకా షాలేమ్‌రాజుకి తెలుగంటే తండ్రి చెప్పించే ప్రార్థనే. ఆ తర్వాత ఈ నర్సీపట్నం తెచ్చి హాస్టల్లో వేశారు. అక్కడ తెలుగు నేర్చుకున్నాడు. నేర్చుకున్నది కాబట్టి ఇప్పటికీ ఒక్కో మాటా కొలిచి, గీత గీసి, కత్తిరించినట్టు మాట్లాడతాడు. చర్చిలో అందరూ ఎంత నెమ్మదస్తుడో అంటారు.

సోఫియా బి.ఏ. చదివింది. ఎదుటివాళ్ల మాటలో తప్పు దొర్లితే అన్నంలో రాయి తగిలినట్టుండేది ఆమెకి. ఇంత శుభ్రమైన తెలుగు మాట్లాడే భర్త దొరికాడని కొత్తల్లో మురిసిపోయింది కూడా. అది నెమ్మది కాదనీ, పరాయి ఇంట్లో కుర్చీ అంచున కూర్చున్న మనిషి ఒద్దికనీ ఆమెకు తెలిసింది లోవమ్మ వచ్చిన మొదటి సంత రోజునే.

కొండచీపుళ్ల కట్ట గుమ్మం పక్కన ఆనించి, ముక్కుకి పోగులూ మెడలో పూసలూ ఉన్న ఒక సన్నపాటి మనిషి లోపలికి వచ్చి, బల్ల మీద గుడ్డలు పక్కకి నెట్టి, ఏదో పేరు పెట్టి పిలిచింది. షాలేమ్‌రాజు అన్న పేరు కాదది. ఆ పిలుపుకి అతను మిషను ముందు నుంచి చిన్నపిల్లాడిలా లేచాడు. తర్వాత గంటసేపు ఆగకుండా మాట్లాడాడు. చేతులు తిప్పుతూ, ఎవరినో అనుకరిస్తూ, గొంతు మార్చి మాట్లాడాడు. సోఫియా మంచినీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది. తనకిచ్చి పెళ్లి చేసింది ఈ మనిషిలో సగాన్నేనా అనిపించింది.

పక్కింటి అచ్చియమ్మ ఊరుకునే మనిషి కాదు. పెరటి గోడ మీంచి తొంగిచూసి, "ఏటమ్మా సోఫీ, మీ ఆయన ఆ కొండోల్లతో నవ్వినట్టు నీతో నవ్వగా ఎప్పుడూ సూడలేదే నాను! ఏటి మందెట్టిందే ఆ సీపుర్లావిడ?" అనేది.

"చెల్లెలు వరసండీ ఆవిడ. ఒకే తల్లి పాలు తాగారు."

"అయితే మరి నీ మొకం అలా ఉందేటి?"

అదే సోఫియాకీ అర్థం కాదు. అనుమానమైతే నయం. అడగొచ్చు, ఏడవొచ్చు, నక్కపల్లి బస్సెక్కి పుట్టింటికి పోవచ్చు. ఒక భాషను చూసి అసూయపడితే ఎవరికి చెప్పుకుంటారు?

పరిమళ పుట్టాక ఆ మంట ఇంకా లోపలికి వచ్చింది. ఏటికొప్పాక నుంచి తెచ్చిన లక్కబొమ్మ తిప్పుతూ షాలేమ్‌రాజు పిల్లని ఒళ్లో వేసుకుని ఆ భాషలోనే జోకొట్టేవాడు, ఆ భాషలోనే గారం చేసేవాడు. పిల్లకి ఏడాది నిండి మాటలు వచ్చే వేళకి, ఒకనాడు సోఫియా చేతిలోని గ్లాసు వైపు చేయి చాపి "ఏయు" అంది. సోఫియాకి అర్థం కాలేదు. పిల్ల మళ్లీ అంది, ఏడ్చింది. షాలేమ్‌రాజు లోపలికి వచ్చి, "నీళ్లు అడుగుతోంది" అన్నాడు.

కన్నబిడ్డ దాహం కన్నతల్లికి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. ఆ మాట సోఫియా మరిచిపోలేదు.

"రేపు కాన్వెంట్‌లో వేస్తాం. అక్కడ ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఈ మూడోది వద్దండీ పిల్లకి. అందరూ కొండదొరసాని అని నవ్వుతారు," అంది ఆ సాయంత్రం. గొంతు పెంచలేదు. గొంతు పెంచకుండా తేల్చి చెప్పడం ఆమెకు బాగా వచ్చు.

షాలేమ్‌రాజు "నీ ఇష్టం" అన్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆ భాష లేదు. చిత్రమేమిటంటే, జోలపాటా లేదు. తిన్నావా, చదువుకున్నావా, జాగ్రత్తగా వెళ్లు, అంతకు మించి అతనికి పిల్లతో చెప్పడానికి తెలుగులో ఏమీ దొరకనట్టుండేది. సోఫియా గెలిచింది. గెలిచాక చూసుకుంటే ఆ భాష ఎక్కడికీ పోలేదు, ముందుగదిలోకి వెళ్లి సంత రోజు కోసం కాచుకుని కూర్చుంది. అప్పుడే ఆమె స్టవ్వు ఆపడం మొదలుపెట్టింది.

నేర్చుకోవాలని కాదు వినడం. తన గురించి ఏమంటున్నారో తెలుసుకోవాలని. తన పేరు ఎక్కడైనా దొర్లుతుందా అని చూసేది. లోవమ్మ "ఏయు" అనగానే అతను "సోఫియా, మంచినీళ్లు" అని కేక వేసేవాడు, అది పిల్ల నేర్పిన మాటే. టేపు సాగదీస్తూ అన్నది కొలతయ్యుంటుంది. కొండ వైపు చేయి చూపిస్తూ అన్నది వాన. రెండు చేతులూ ముడుచుకుని గొంతు తగ్గిస్తే ఎవరో పోయారు. ఇలా ఒక్కో మాటా బియ్యంలోంచి వడ్లగింజ ఏరినట్టు ఏరుకుంది. ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు, నోటితో ఒక్కసారీ పలకలేదు. ఒక చలికాలం, లోవమ్మ వాళ్ల మేక పాస్టరుగారి టోపీ తినేసిన సంగతి షాలేమ్‌రాజు చెబుతుంటే, వంటింట్లో సోఫియాకి ఫక్కున నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు గాని తనకి ఆ భాష వచ్చేసిందని ఆమెకు తెలియలేదు.

వచ్చినందుకు సంతోషం లేదు. ఏళ్ల తరబడి విన్నా తన గురించి మంచిగానో చెడ్డగానో ఒక్క మాట లేదు. మేకలు, వాగులు, ఇప్పపూలు, చిన్నప్పుడు పడ్డ గోతులు. తిట్టుకున్నా బాగుండేది. ఆ భాషలో తానసలు పుట్టనే లేదు.

దీనికి తోడు ఆకుపచ్చ గుడ్డ సంగతొకటి. పసుపు పూల ఆకుపచ్చ పాప్లిన్ ముక్క ఒకటి కొట్లో మిగిలింది. పరిమళకి గౌను కుట్టమని సోఫియా రెండు సార్లు చెప్పింది. తీరా చూస్తే, లోవమ్మ కూతురు చిట్టితల్లి పెళ్లికి అని, ఎర్ర పైపింగు వేసి జాకెట్టు కుట్టి ఇచ్చేశాడు.  ఆ ఎర్ర పైపింగు సోఫియా కళ్లలో మిగిలిపోయింది.

తొంభై ఎనిమిదిలో ఎండలు ముదరక ముందు, చర్చి హాలులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. హాలు అడిగితే పెద్దలు ఇచ్చారు. స్త్రీల సమాజం తరఫున ఆపరేషన్ అయినవాళ్లకి బ్రెడ్డూ పాలూ, వెంట వచ్చినవాళ్లకి ఉప్మా ఏర్పాటు. సమాజానికి పెద్ద ఎస్తర్ రాణిగారు. సోఫియాకి బ్రెడ్డు బుట్ట అప్పగించింది. షాలేమ్‌రాజు గుడ్డల కోసం ఆ ఉదయమే అనకాపల్లి వెళ్లాడు.

నాతవరం నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు ఒక పక్క, కొండల నుంచి జీపులో దించినవాళ్లు ఒక పక్క, చాపల మీద కూర్చుని ఉన్నారు. మైదానం ఆడవాళ్లు మాట్లాడుకుంటూ, భయపడుతూ, ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటున్నారు. కొండవాళ్ల చాప మీద చప్పుడు లేదు.

ఆ చాప చివర ఎర్ర పైపింగు కనబడింది.

ఆకుపచ్చ గుడ్డ మూడేళ్ల వాడకానికి వెలిసింది గాని, పైపింగు అలాగే ఉంది. జాకెట్టులోని పిల్లకి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. గడ్డం లోవమ్మదే. ఒళ్లో ఏడాదిన్నర ఆడపిల్ల. ఈమే చిట్టితల్లి అన్నమాట. సోఫియాకి ముందు అనిపించింది ఒక్కటే: గుడ్డ పరిమళకైతే ఇంకా బాగుండేది.

బుట్టతో అటు వెళ్లింది. పెద్దవాళ్లు ఆపరేషనయ్యేదాకా ఏమీ తినకూడదు కాబట్టి, ఒళ్లో పిల్లకి ఒక బ్రెడ్డు ముక్క ఇచ్చింది. చిట్టితల్లి తలెత్తకుండా ఆ ముక్క పిల్ల నోటికి అందిస్తూ, చెవిలో చెప్పినట్టు కువిలో అంది: "తిను. అమ్మకి ఇక్కడ మందు చేస్తారు. పోయినసారి తమ్ముడు నిలవలేదు కదా, ఇక నిలుస్తాడు. కోతలు అయ్యేసరికి తమ్ముడొస్తాడు నీకు."

సోఫియా చేతిలో బుట్ట అలాగే ఉండిపోయింది.

తప్పుగా విన్నానేమో అనుకుంది. కాదు. ఒక్కో మాటా తెలిసిన మాటే.

ఆమె నాలుగడుగులు వెనక్కి వచ్చి స్తంభం పక్కన నిలబడింది. నోరు విప్పితే ఏమవుతుందో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఇన్నేళ్లు గోడ వెనక నిలబడి విన్నదంతా బయటపడుతుంది. అదీ ఎవరి కోసం? లోవమ్మ కూతురి కోసం. పరిమళ గౌను తొడుక్కుని కూర్చున్న మనిషి కోసం. తనకు అర్థం కాలేదనుకుంటే చాలు. చర్చివాళ్లెవరికీ అర్థం కాలేదు. వాళ్లలో తానొకతె.

అలా అనుకుంది, నిజంగానే అనుకుంది. పాలగిన్నె దగ్గరికి నడిచింది కూడా. ఇంతలో ఆ చంటిది బ్రెడ్డు గొంతుకి అడ్డుపడి "ఏయు" అంది. బ్రెడ్డూ పాలూ పంచే ఆడవాళ్లు చూశారు గాని, ఏమడిగిందో వాళ్లకి తెలియలేదు. సోఫియా గ్లాసుతో నీళ్లు తీసుకుని వెనక్కి తిరిగింది.

పిల్లకి నీళ్లు పట్టి, పేర్లు రాసుకుంటున్న నర్సు దగ్గరికి వెళ్లింది. "సిస్టరుగారండీ, ఆ చివరమ్మాయికి ఇదేం ఆపరేషనో తెలియదండీ. పిల్లలు పుట్టడానికి మందనుకుంటోంది."

"ఎవరన్నారమ్మా? ఆళ్ల బావగారు దగ్గరుండి సంతకం పెట్టాడు. ఆ అమ్మాయీ వేలిముద్రేసింది. నేనే అడిగాను ఇష్టమేనా అని."

"ఏమంది?"

"ఏటంటాది, తల దించుకుంది. కొత్తకోడళ్లంతా అంతే. సిగ్గు."

"మళ్లీ ఒకసారి అడగండి, నా ఎదుట."

సిస్టరు విసుక్కుంటూనే వచ్చింది. బావ గణేశ్వరరావు, నలభై ఏళ్ల మనిషి, భుజం మీద తువ్వాలుతో దగ్గరే నిలబడ్డాడు. "ఏమ్మా, నీకు ఇష్టమేనా?" అని సిస్టరు తెలుగులో అడిగింది. గణేశ్వరరావు దాన్ని కువిలో "సరేనా?" అని రెండు ముక్కల్లో అడిగాడు. చిట్టితల్లి ముసుగు ఇంకాస్త ముందుకి లాక్కుని నేల చూసింది.

"చూశావా?" అంది సిస్టరు.

సోఫియా చూసింది. సిస్టరుకి కనబడనిది చూసింది. లోవమ్మ ఒకసారి తన అత్తింటి కష్టాలు చెబుతూ అన్న సంగతి గుర్తొచ్చింది. ఆ ఇళ్లలో భర్త అన్న ఎదుట ఆడది గొంతు విప్పదు, మొహం ఎత్తదు. ఇల్లు తగలబడుతున్నా ఆయన అవతలికి వెళ్లాకే కేక వేస్తుందని లోవమ్మ నవ్వుతూ చెప్పింది. బావని పక్కన నిలబెట్టి ఇష్టమా అని అడిగితే ఆ పిల్ల దగ్గర జవాబు ఉండదు. కాదనడానికి భాష లేకపోవడం ఒకటి, ఉన్న భాషలోనూ నోరు తెరిచే వీలు లేకపోవడం ఇంకొకటి.

"మీరు ఉప్మా తినలేదు కదండీ, బయట పెడుతున్నారు, బేగి వెళ్లండి. అయిపోతే మళ్లీ ఉండదు," అంది గణేశ్వరరావుతో. పొద్దుటి నుంచి ఆకలితో ఉన్న మనిషి, వెంటనే కదిలాడు.

సోఫియా చాప మీద మోకాళ్ల మీద కూర్చుంది.  ఇన్నేళ్లు చెవిలోనే ఉన్న మాటల్ని నోట్లోకి తెచ్చుకోవడం ఎంత కష్టమో ఆమె ఊహించలేదు. మాటలు వంకరగా, ముక్కలుగా వచ్చాయి.

"ఇది పిల్లలు పుట్టే మందు కాదు. కోస్తారు. ఇక పిల్లలు రారు. ఎప్పుడూ రారు."

చిట్టితల్లి ముసుగు వెనక్కి పోయింది. కళ్లింత చేసుకుని చూసింది. "నువ్వెవరు?"

సోఫియా ఆ ఎర్ర పైపింగు మీద వేలు పెట్టింది. "నీ రవిక కుట్టిన మనిషి ఇంటిదాన్ని."

"మామ ఇంటిదానివా? అబద్ధం. మామ ఇంటిదానికి మన మాట రాదు. మన మాట ఆమెకి గిట్టదని అమ్మ చెప్పింది."

ఇన్నేళ్లు గోడకి చెవి ఆనించినా దొరకని మాట ఇదిగో, ఇక్కడ దొరికింది. తన గురించి వాళ్లన్నది ఇదొక్కటే. అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు. సోఫియాకి చెంపలు వేడెక్కాయి.

"వచ్చు," అంది. "విన్నావు కదా. పిల్లకి తమ్ముడు కావాలా? కావాలంటే లే. వద్దనుకుంటే కూర్చో. నువ్వు చెప్పు. బావ లేడు."

చిట్టితల్లి పిల్లని చంకనేసుకుని లేచి నిలబడింది. అదే ఆమె జవాబు. తర్వాత, లేచాక, నోరూ విప్పింది. హాలంతా తిరిగి చూసేలా గట్టిగా అంది. సోఫియా తెలుగులో చెప్పింది: "వద్దంటోందండీ. ఒక్క పిల్లేనట. ఇంకా కావాలట."

సిస్టరు కంగారుపడి డాక్టరుని పిలిచింది. ఎస్తర్ రాణిగారు గరిటె పట్టుకునే వచ్చింది. "ఏంటిది సోఫియా? పెద్దవాళ్లని పిలిచి మన హాలు ఇచ్చి, మనమే గొడవ పెడితే ఏం మర్యాద? అయినా నీకీ భాష ఎప్పుడొచ్చింది?"

"వంటింట్లోనండీ," అంది సోఫియా.

డాక్టరు అలసిపోయి ఉన్నాడు. "ఇంటివాళ్లని అడిగి, ఒప్పుకున్నాకే కదమ్మా రాసుకున్నాం," అన్నాడు.

"ఆవిడ కడుపు గురించి ఆవిడ భాషలో ఎవరైనా అడిగారా డాక్టరుగారూ?"

ఆయన చిట్టితల్లి వైపూ, చంకలో పిల్ల వైపూ చూసి, చేతి తొడుగు విప్పేశాడు. "పంపించెయ్యండి. అమ్మా, నీకు వచ్చంటున్నావు కాబట్టి, ఆ మిగతావాళ్లని కూడా అడిగి చెప్పు."

సోఫియా చాప పొడవునా ఒక్కొక్కరి ముందూ కూర్చుని అడిగింది. అందులో ఒక పెద్దావిడ ఆమె మాట విని పళ్లు బయటపెట్టి నవ్వింది. "నాకు అన్నీ తెలుసు. అయిదుగురు చాలు. నన్ను బేగి కానిమ్మను, ఆకలేస్తోంది," అంది. ఇంకొకామె కూడా తెలిసే వచ్చింది. గోడవార కూర్చున్నామె మాత్రం జ్వరానికి సూది అనుకుంది. ఆమె కూడా లేచింది.

ఉప్మా తిని వచ్చిన గణేశ్వరరావుకి ముందు కోపం, తర్వాత భయం వచ్చింది. "ఏటమ్మగారూ ఇలగ సేసీసినారు? ఇంటికొకలు రావాలని సెప్పారు మీటింగులో. రాపోతే రేసను కార్డు తీసెత్తారన్నారు. మా ఆడదానికి ఎప్పుడో అయిపోనాది. మరి ఈ పిల్లని కాక ఎవుల్ని తెత్తాను?"

"కార్డు తియ్యడానికి వీల్లేదండీ. ఎవరు తీస్తామన్నారో వాళ్లని ఇప్పుడే ఇక్కడ డాక్టరుగారి ముందు అడగండి."

అతను అడగలేదు. అంతటివాళ్లని నిలదీయగల తెలుగు అతని దగ్గరా లేదు. తువ్వాలు దులుపుకుని జీపు వైపు నడిచాడు. చిట్టితల్లి అతనికి కాస్త దూరంగా, మళ్లీ ముసుగు దించుకుని, వెనకే వెళ్లింది. జీపెక్కబోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

షాలేమ్‌రాజుకి ఆ సంగతి సోఫియా చెప్పలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎస్తర్ రాణిగారే చెప్పేసింది. "ఏమయ్యా షాలేమ్‌రాజూ, మీ ఆవిడకి కొండభాష బాగానే నేర్పావే. క్యాంపులో దంచేసింది." అతను మర్యాదగా నవ్వాడు. దారి పొడవునా పరిమళ ఇద్దరి చేతులూ పట్టుకుని మధ్యలో నడిచింది.

ఇంటికి వచ్చాక, ఆదివారం ఎప్పుడూ ముట్టుకోని మిషను ముందు కూర్చున్నాడు.

"ఎప్పటి నుంచి?"

"పరిమళకి మాటలొచ్చినప్పటి నుంచి."

"అన్నీ అర్థమవుతాయా?"

"అన్నీ కావు. చాలా."

"నన్ను అడిగితే నేర్పించేవాడిని కదా సోఫియా."

"వద్దన్నదాన్ని నేనే కదండీ. మళ్లీ ఏ మొహం పెట్టుకుని అడగను? నా గురించి ఏమనుకుంటారో విందామనుకున్నాను. ఒక్క మాటైనా అనలేదు. ఆవిడతో అంతంత సేపు నవ్వుతారు, ఒక్కసారైనా మా ఆవిడ ఇలాగ అని చెప్పరు."

షాలేమ్‌రాజు మిషను చక్రం మీద చేయి పెట్టాడు. "ఆ భాషలో నేను పదేళ్లవాడిని. అక్కడితో ఆగిపోయింది. పదేళ్లవాడు పెళ్లాం గురించి ఏం మాట్లాడతాడు? ఆ మాటలు నాకు అందులో రావు."

సోఫియాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అతను మాత్రం నవ్వలేదు. "ఇంట్లో వద్దన్నావు, మానేశాను. అక్కడైనా ఉందిలే అనుకునేవాడిని. అక్కడా నువ్వున్నావన్నమాట," అని లేచి వెళ్లిపోయాడు.

అతని మాటలో కోపం లేదు. ఆ చేదు ఏమిటో సోఫియాకి చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్లు ఆమె రోజూ మింగినదే.

సంత రోజు లోవమ్మ వచ్చింది. ఎప్పటిలా బల్ల మీద గుడ్డలు నెట్టలేదు. షాలేమ్‌రాజు "రా" అని కువిలో పిలుస్తుండగానే అతన్ని దాటుకుని, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడుగుపెట్టని వంటింట్లోకి వచ్చి, స్టవ్వు పక్కన నేల మీద కూర్చుంది. చింతపండు మూట సోఫియా ఒళ్లో పెట్టింది. ఆమె మోకాలి మీద చేయి వేసింది.

తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటి?" అంది సోఫియా కువిలో.

"చిట్టితల్లి చెప్పింది. నువ్వు మాట్లాడితే పదేళ్ల మగపిల్లాడు మాట్లాడినట్టుందట. ఆడవాళ్ల మాట ఒక్కటీ లేదట. అచ్చం మా అన్న చిన్నప్పటి మాటే."

సోఫియా కూడా నవ్వింది. పొట్ట పట్టుకునేంతగా కాదు గాని, కళ్లలో నీళ్లొచ్చేంతగా నవ్వింది. "అయితే ఆడవాళ్ల మాట నువ్వు నేర్పు వదినా," అంది. లోవమ్మ అక్కడే మొదలుపెట్టేసింది. కూర ఎలా అనాలో, కోడలు ఎలా అడగాలో, అత్తని చాటున ఎలా తిట్టాలో.

ముందుగదిలో మిషను చప్పుడు ఆగింది.

సోఫియా గమనించింది. కాసేపు టకటకమని కొట్టుకుని మళ్లీ ఆగింది. కుట్టు అయిపోయి ఆగిన చప్పుడు కాదది. పెడల్ మీద కాలు నిలిపి చెవి ఒగ్గిన మనిషి చప్పుడు. అది ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? ఆమె సన్నగా మండుతున్న స్టవ్వు దగ్గరికి వంగి, గాలి ఇంకో నాలుగు దెబ్బలు కొట్టింది. మంట నీలంగా హోరెత్తింది. ఆ హోరు చాటున లోవమ్మ చెవిలో మాటలు చెబుతుంటే, సోఫియాకి లోపల ఎక్కడో చల్లగా ఉంది. అలా ఉండకూడదని తెలిసీ ఉంది.

ముందుగదిలోంచి పిలుపు వచ్చింది.

"ఏయు!"

లోవమ్మ లేవబోయి ఆగి, సోఫియా వైపు చూసింది. "నన్ను కాదు," అంది.

గుమ్మంలో ఆడుకుంటున్న పరిమళ తలెత్తి తండ్రి గది వైపు చూసింది. సోఫియాకి స్పష్టంగానే వినబడింది. అయినా కదల్లేదు. ఇంకోసారి పిలవనీ అని కూర్చుంది.

"ఏయు!" అన్నాడు షాలేమ్‌రాజు మళ్లీ, ఈసారి కాస్త గట్టిగా.

ఆమె చేయి చాపి స్టవ్వు పీక తిప్పింది.